నిలబడి పనిచేసే కాళ్లకు వైద్యం: వెరికోస్ వెయిన్స్ లేజర్ చికిత్సపై ఉమ్మడి సభ తీర్మానం

గుంటూరు మిర్చి యార్డు హమాలీలు, కోల్డ్ స్టోరేజీ కూలీలు, తొడిమలు తీసే మహిళలు, జిన్నింగ్, స్పిన్నింగ్ మిల్లుల కార్మికులు, పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప కూలీలు, కౌలు రైతులు గుంటూరులో ఉమ్మడిగా సమావేశమై, చర్చించి ఆమోదించిన తీర్మానం.

విషయం: కాళ్ల సిరలు ఉబ్బి పుండ్ల దాకా వచ్చే వెరికోస్ వెయిన్స్ జబ్బుకు కోత లేని లేజర్ చికిత్సను ప్రభుత్వ ఆసుపత్రుల్లో అందించాలనీ, ఆ జబ్బును ముదరబెట్టే పని పద్ధతులను మార్చాలనీ కోరడం గురించి.

మొదటి భాగం: సభ దృష్టికి వచ్చిన పరిస్థితి

1. గుంటూరు ఎన్టీఆర్ వ్యవసాయ మార్కెట్ యార్డు ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్‌గా పేరు పొందింది. సీజన్‌లో అక్కడికి వచ్చే ప్రతి టిక్కీ (మిర్చి బస్తా) హమాలీ వీపు మీదుగానే లారీ దిగుతుంది, కాటా ఎక్కుతుంది, అమ్ముడుపోయాక మళ్లీ లారీయో కోల్డ్ స్టోరేజీ మెట్లో ఎక్కుతుంది. ఒక్కొక్కటి 40 కిలోలకు పైమాటే. పొద్దున్నే పనిలోకి దిగిన ముఠా నడుం వాల్చేది సరుకు తగ్గాకే.

2. గుంటూరు, చిలకలూరిపేట, గణపవరం చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల్లో రింగ్ ఫ్రేముల ముందు తెగిన దారం అతుకుతూ షిఫ్టంతా నిలబడే ఉండాలి. రాత్రి షిఫ్టులోనూ అంతే. జిన్నింగ్ మిల్లుల్లో 170 కిలోల బేళ్ల మధ్య పనిచేసేవారిదీ నిలువుకాళ్ల బతుకే. పట్టణాల్లో బట్టల కొట్లలో చీరలు పరిచి చూపించే ఆడపిల్లలకు బేరం లేని వేళ కూడా కూర్చునే వీలు చాలాచోట్ల లేదు.

3. పొలాల్లో పత్తి తీతలు, మిరప కోతలు చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తాయి. కోతల కాలంలో ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వచ్చి, పొలం గట్ల మీద గుడారాలు వేసుకుని ఉంటాయి. వారికి ఇక్కడి ఆశా కార్యకర్త ఎవరో తెలియదు, ఇక్కడి రికార్డుల్లో వారి పేర్లూ ఉండవు.

4. ఈ పనులన్నిటిలోనూ జబ్బు నడిచే దారి ఒకటే. మొదట సాయంత్రానికి కాళ్లు లాగుతాయి, పిక్కలు బరువెక్కుతాయి, పొద్దున వదులుగా ఉన్న చెప్పు పట్టీ మాపటికి బిగుస్తుంది. తర్వాత పిక్కల మీద నీలంగా, మెలికలు తిరిగి నరాలు తేలతాయి. కొన్నేళ్లకు చీలమండ పైన, లోపలి వైపున చర్మం నల్లబడి, గట్టిపడి, దురద పెడుతుంది. గోకిన చోట, లేదా మిరప మోడు గీసుకున్న చోట చిన్న పుండు పడుతుంది. అది మానదు.

5. అలాంటి పుండు మీద పాత చీర పీలిక కట్టుకుని సాలులోకి దిగేవారు ఈ సభలోనే ఉన్నారు. సాయంత్రానికి ఆ పీలిక రసితో పుండుకు అంటుకుపోతుంది, నీళ్లతో నానబెడితే గాని ఊడిరాదు. దాన్ని విప్పేవి రోజంతా కాయలు కోసిన చేతులే. ఆ కారం ఎన్నిసార్లు కడిగినా పోదు. కట్టు విప్పే బాధకు జడిసి రెండు మూడు రోజులు విప్పకుండా వదిలేసేవారూ ఉన్నారు.

6. ఈ పుండ్లకు మనవాళ్లు ఏళ్ల తరబడి డబ్బు పోస్తున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న పౌడర్లు, పసరు కట్లు, షుగర్ పుండేమోనని కొన్నాళ్లు, బోదకాలేమోనని ఇంకొన్నాళ్లు మందులు, ఇదీ వరస. పుండు ఒకచోట, దానికి మూలం ఇంకొకచోట ఉందని చెప్పేవారు దొరికేసరికి పొలానికి వెళ్లే ఓపిక పోయి ఉంటుంది. పుండుకు కట్టు కడుతూ, పుండును పెంచే సిరను వదిలేయడమే ఈ ప్రాంతంలో జరుగుతున్న అసలు పొరపాటు అని ఈ సభ భావిస్తున్నది.

రెండో భాగం: జబ్బు గురించి సభ తెలుసుకున్నది

7. కాలిలోని చెడు రక్తం గుండెకు చేరాలంటే పైకి ఎక్కాలి. నడిచినప్పుడు పిక్క కండరం బిగిసి ఆ రక్తాన్ని పైకి నెడుతుంది. నెట్టిన రక్తం కిందికి జారకుండా సిరల్లో ఒకవైపే తెరుచుకునే కవాటాలు ఉంటాయి. బావిలో వేసిన మోటారుకు ఫుట్‌వాల్వ్ ఎలాగో కాలికి ఇవి అలాగ: వాల్వ్ లీకైతే మోటారు ఎంత తిరిగినా పైపులో నీళ్లు నిలవవు. కవాటం చెడితే రక్తం కిందికి జారి, చర్మం కింది సిరల్లో నిలిచి, వాటిని ఉబ్బిస్తుంది.

8. కదలకుండా నిలబడ్డ మనిషి చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారు నాలుగడుగులు వేస్తే అది 30 దరిదాపులకు దిగిపోతుంది. కవాటాలు చెడినవారిలో నడిచినా అంతగా దిగదు. నిలబడినా నడిచినా తగ్గని ఆ ఒత్తిడే చర్మాన్ని నల్లబరచి చివరికి పుండు చేస్తుంది. పైపూత మందు ఆ ఒత్తిడిని తగ్గించలేదు.

9. గంటల తరబడి నిలబడి చేసే పనికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని వైద్య పరిశీలనలు చెబుతున్నాయి. వంశపారంపర్యం, వయసు, కాన్పులు, అధిక బరువు కూడా కారణాలే. కాబట్టి జబ్బు అంతా పని వల్లే వచ్చిందని ఈ సభ అనడం లేదు. జబ్బు ఉన్న మనిషిని అదే పనిలో, అదే తీరున నిలబెట్టడం జబ్బును పెంచడమేనని మాత్రం అంటున్నది.

10. జబ్బు ఎక్కడ ఉందో చెప్పేది డాప్లర్ స్కాన్. రోగిని నిలబెట్టి, గజ్జ నుంచి చీలమండ దాకా చూస్తారు. పై సిరల్లో రక్తం అర సెకనుకు మించి వెనక్కి జారితే కవాటం చెడినట్టు లెక్క. లోతు సిరలో గడ్డ ఉందా లేదా అన్నది కూడా ఆ స్కాన్‌లోనే తెలియాలి. కంటికి కనిపించే మెలికలను చూసి చికిత్స నిర్ణయించడం తగదు.

మూడో భాగం: చికిత్స గురించి సభ తెలుసుకున్నది

11. పాడైన పెద్ద సిరను తొడలో ముడివేసే ఆపరేషన్‌ను జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ 1891లో వివరించాడు. సిరను లోపలి నుంచి లాగి తీసేసే స్ట్రిప్పింగ్ పద్ధతి 20వ శతాబ్దం తొలి దశకంలో వచ్చింది. ఈ రెండూ కలిపి చేసే ఆపరేషనే దాదాపు వందేళ్లు ప్రపంచమంతటా నడిచింది. అది ఇప్పటికీ పనికొచ్చే చికిత్సే. కానీ అందులో మత్తు, కోత, కమిలిన తొడ, కొన్ని వారాల విశ్రాంతి తప్పవు. రోజు కూలి మీద బతికేవారు ఆపరేషన్ అనగానే వెనకాడేది ఆ విశ్రాంతి గురించే.

12. 1999లో స్పెయిన్ వైద్యుడు కార్లోస్ బోనే సిర లోపలికి లేజర్ పంపే పద్ధతిని మొదటిసారి వెల్లడించాడు. 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతినిచ్చింది. ఈ పద్ధతిలో మోకాలి దగ్గర సూదిమొన పట్టేంత రంధ్రం చేసి, స్కాన్‌లో చూస్తూ సన్నని తీగలాంటి ఫైబర్‌ను సిరలోంచి గజ్జ దాకా తీసుకెళతారు. దాని కొసను లోతు సిరతో కలిసే చోటుకు సుమారు 2 సెంటీమీటర్లు ఇవతలే ఆపుతారు. తర్వాత సిర పొడవునా చుట్టూ ఉప్పునీటిలో కలిపిన మత్తుమందు ఎక్కిస్తారు. అది నొప్పి తెలియకుండా చేయడమే కాక, వేడి చర్మానికీ చుట్టుపక్కల నరాలకూ తగలకుండా అడ్డుకుంటుంది. అప్పుడు లేజర్ వెలిగిస్తూ ఫైబర్‌ను నెమ్మదిగా వెనక్కి లాగుతారు. సిర గోడ ముడుచుకుని మూసుకుపోతుంది. రక్తం ఆరోగ్యంగా ఉన్న లోతు సిరల దారి పడుతుంది. రోగి కాలికి మేజోడు తొడుక్కుని ఆరోజే నడిచి ఇంటికి వెళతాడు. మంచాన పడుకోకుండా నడవడం చికిత్సలో భాగం.

13. ఈ పద్ధతి కార్పొరేట్ ఆసుపత్రుల సోకు కాదని ఈ సభ గుర్తిస్తున్నది. బ్రిటన్ ప్రభుత్వ వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013 జులైలోనే వెరికోస్ వెయిన్స్‌కు మొదటి ఎంపికగా లేజర్ లేదా రేడియో తరంగాల చికిత్సను, అది కుదరకపోతే నురుగు ఇంజెక్షన్‌ను, అదీ కుదరకపోతే ఆపరేషన్‌ను సూచించింది. మోకాలి కింద రెండు వారాల్లో మానని పుండు ఉన్నవారిని నేరుగా రక్తనాళాల నిపుణుల దగ్గరికి పంపాలని కూడా చెప్పింది.

14. పుండు మానాక చూద్దాంలే అని సిర చికిత్సను వాయిదా వేయడం సరికాదని తేల్చిన పరిశీలన బ్రిటన్‌లో 20 కేంద్రాల్లో, 450 మంది రోగుల మీద జరిగింది. దాని ఫలితాలు 2018లో వెలువడ్డాయి. బిగుతు కట్టుతో పాటు సిరకు ముందుగానే చికిత్స చేసినవారిలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది. కట్టు కట్టి సిర చికిత్సను ఆలస్యం చేసినవారిలో అందుకు 82 రోజులు పట్టింది. ఆ తేడా 26 రోజులు. జీతం ఆగని ఉద్యోగికి ఆ 26 రోజులు ఎలా ఉంటాయో గాని, కోతల సీజన్‌లో ఉన్న కూలీకి ఏడాది తిండిగింజల్లో అది పెద్ద భాగం.

15. 2004లో వెలువడిన మరో బ్రిటిష్ పరిశీలన ప్రకారం, బిగుతు కట్టు ఒక్కటే వాడినవారిలో ఏడాదిలోపు 28 శాతం మందికి పుండు తిరగబెట్టింది. కట్టుతో పాటు సిరకు పాత పద్ధతి ఆపరేషన్ కూడా చేయించుకున్నవారిలో అది 12 శాతమే. అంటే లేజర్ లేనిచోట పాత ఆపరేషన్ చేసినా మేలే. యంత్రం రాలేదన్న కారణంతో రోగిని తిప్పి పంపడానికి ఇక సాకు లేదు.

నాలుగో భాగం: చికిత్సకున్న హద్దులు

16. లేజర్ గురించి ఆశ ఎంత అవసరమో జాగ్రత్త కూడా అంతే అవసరమని ఈ సభ సభ్యులకు చెబుతున్నది. లోతు సిరలో గడ్డ ఉన్నవారికి, గర్భిణులకు ఈ చికిత్స చేయరాదు. బాగా మెలికలు తిరిగిన సిరల్లోకి ఫైబర్ పోదు. వాటికి చిన్న గాట్లతో తీసేయడమో నురుగు ఇంజెక్షనో కావాలి. కమిలిన మచ్చలు, కొన్నాళ్ల నొప్పి, తిమ్మిరి ఉండొచ్చు. అరుదుగా చర్మం కాలడం, లోతు సిరలో గడ్డ కట్టడం, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరడం వంటి ప్రమాదాలూ ఉన్నాయి. చికిత్స తర్వాత కొద్ది రోజుల్లో మళ్లీ స్కాన్ చేసి చూడటం మంచిది. కొన్నేళ్లకు వేరే సిరలు చెడి జబ్బు తిరగబెట్టే అవకాశం కూడా ఉంది.

17. బిగుతు మేజోళ్లకూ హద్దులు ఉన్నాయి. బీడీ, చుట్ట అలవాటున్నవారిలో, షుగర్ ఉన్నవారిలో కాలికి మంచి రక్తం తెచ్చే ధమనులే మూసుకుపోయి ఉండొచ్చు. పాదం దగ్గర నాడి చూడకుండా అలాంటి కాలికి బిగుతు కట్టు కడితే కాలికే ముప్పు. పైగా 45 డిగ్రీల ఎండలో, కల్లాం దుమ్ములో మేజోళ్లు ఏళ్ల తరబడి తొడుక్కోమనడం చెప్పినంత తేలిక కాదు. సిరకు చికిత్స చేసి మేజోళ్ల రోజులు తగ్గించడం ఈ ప్రాంతానికి అందుకే మరింత అవసరం.

అయిదో భాగం: తీర్మానాలు

పై విషయాలన్నిటినీ పరిగణనలోకి తీసుకుని ఈ ఉమ్మడి సభ ఇందుమూలంగా ఇలా తీర్మానిస్తున్నది.

రాష్ట్ర ప్రభుత్వానికి, వైద్య ఆరోగ్య శాఖకు

18. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో వారానికి ఒక రోజు కాళ్ల సిరల ఓపీ నడపాలి. డాప్లర్ స్కాన్, బిగుతు కట్టు, నురుగు ఇంజెక్షన్, లేజర్ లేదా రేడియో తరంగాల చికిత్స, పాత ఆపరేషన్ అన్నీ అక్కడే జరగాలి. గుంటూరు ఆసుపత్రి 1946లో ఏర్పడిన గుంటూరు వైద్య కళాశాలకు అనుబంధమైనది. 2016లో గుండె మార్పిడి చేసి చూపించిన ఆసుపత్రి కూడా ఇదే. అలాంటి చోట కాలి సిరకు లేజర్ అసాధ్యమంటే ఈ సభ ఒప్పుకోదు.

19. యంత్రం కొని మూల పెట్టే అలవాటు మానాలి. ఒక్కో రోగికి కొత్తగా వాడాల్సిన ఫైబర్ల సరఫరా, స్కాన్ చూసే రేడియాలజిస్టు, శిక్షణ పొందిన సర్జన్, కట్టు కట్టడం నేర్చిన నర్సు ఉన్నారని తేల్చుకున్నాకే యంత్రానికి డబ్బు విడుదల చేయాలి. శిక్షణకు మంగళగిరి ఎయిమ్స్ సహకారం కోరాలి.

20. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెరికోస్ వెయిన్స్‌కు ఏ చికిత్స వర్తిస్తుంది, ఏది వర్తించదు, ప్యాకేజీలో స్కాన్, మేజోళ్లు, తర్వాతి పరీక్ష కలిసి ఉన్నాయా అన్నది ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలో తెలుగులో బోర్డు మీద రాసి పెట్టాలి. లేజర్, రేడియో తరంగాల చికిత్సలు రెండు కాళ్లకూ పూర్తిగా వర్తించాలి. మానని పుండు ఉన్నవారికి ముందు వరుస ఇవ్వాలి.

21. నరసరావుపేట, చిలకలూరిపేట, బాపట్ల, మార్కాపురం ప్రభుత్వ ఆసుపత్రుల్లో కనీసం నాడి పరీక్ష, సరైన బిగుతు కట్టు అందాలి. రెండు వారాల్లో మానని కాలిపుండును పెద్దాసుపత్రికి పంపడం విలేజ్ క్లినిక్, పీహెచ్‌సీ సిబ్బందికి లిఖిత నియమంగా చేయాలి.

22. స్కానింగ్ యంత్రాలను రిజిస్టరైన చోటు నుంచి ఎక్కడికంటే అక్కడికి తిప్పడాన్ని గర్భస్థ లింగ నిర్ధారణ నిరోధక చట్టం నిబంధనలు కట్టడి చేస్తాయి. ఆ కట్టడి ఆడపిల్లల ప్రాణాల కోసం వచ్చింది. దాన్ని సడలించమని ఈ సభ అడగదు. యార్డులో, మిల్లుల్లో, వలస కూలీల గుడారాల దగ్గర కాళ్లు చూసే శిబిరాలు మాత్రమే పెట్టి, అనుమానం ఉన్నవారిని బస్సులో ఆసుపత్రి స్కాన్‌కు తీసుకెళ్లి తీసుకురావాలని కోరుతున్నది.

మార్కెట్ కమిటీకి, వ్యాపారులకు

23. ఏటా మే, జూన్ నెలల్లో మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. పొలాల్లోనూ కోతలు అయిపోయి, పత్తి విత్తే వానలు ఇంకా పడని కాలం అది. హమాలీలకు, కూలీలకు కూలి పోకుండా చికిత్స చేయించుకునే వీలున్నది అప్పుడే. కాబట్టి ఏప్రిల్‌లో కాళ్ల పరీక్షలు, స్కాన్లు ముగించి, ఆ సెలవుల్లో లేజర్ తేదీలు కేటాయించేలా మార్కెట్ కమిటీ, ఆసుపత్రి కలిసి ఏర్పాటు చేయాలి.

24. యార్డులో ప్రతి షెడ్డుకూ కూర్చునే బల్లలు, కాళ్లు ఎత్తి పడుకునే విశ్రాంతి గది ఉండాలి. తొడిమలు తీసే మహిళలు గంటల తరబడి కదలకుండా ముడుచుకుని కూర్చోకుండా, మధ్యమధ్య లేచి నడవడానికి కూలి కోయకుండా సమయం ఇవ్వాలి.

మిల్లులకు, దుకాణాలకు, కార్మిక శాఖకు, ఈఎస్‌ఐకి

25. నిలబడి పనిచేయక తప్పని కార్మికులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కూడా ఆ బాధ్యతను యజమాని మీదే ఉంచింది. ముందుతరం నుంచీ కాగితం మీద ఉన్న ఆ కుర్చీ మిల్లులోకి రావాలి. తనిఖీకి వచ్చే అధికారి కుర్చీలు ఉన్నాయా అని కాక, షిఫ్టులో వాటి మీద కూర్చోనిస్తున్నారా అని కార్మికులను విడిగా అడగాలి.

26. కోళికోడ్ బట్టల దుకాణాల మహిళల పోరాటం తర్వాత కేరళ 2018లో, ఆ తర్వాత తమిళనాడు 2021లో దుకాణాల ఉద్యోగులకు కూర్చునే హక్కును చట్టంలో చేర్చాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అదే తీరున చట్ట సవరణ చేయాలి.

27. మిల్లు కార్మికుల జీతంలోంచి 0.75 శాతం ఈఎస్‌ఐకి పోతున్నది. వారికి డాప్లర్ స్కాన్, లేజర్, అవసరమైన మేజోళ్లు చేతి డబ్బు పడకుండా అందాలి. చికిత్స రోజులకు అనారోగ్య భృతి జాప్యం లేకుండా చెల్లించాలి. చికిత్స చేయించుకున్నవారిని కొన్నాళ్లు నడిచే, కూర్చునే పనిలోకి మార్చాలి. అందుకు పని తీసేయడం గాని, జీతం తగ్గించడం గాని చేయరాదు.

ప్రైవేటు ఆసుపత్రులకు, జిల్లా వైద్యాధికారులకు

28. 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల నియంత్రణ చట్టం కింద రిజిస్టరైన ఆసుపత్రులు లేజర్ ప్యాకేజీ ధరను విడదీసి చూపించాలి. స్కాన్‌కు ఎంత, ఫైబర్‌కు ఎంత, మేజోళ్లకు ఎంత, మళ్లీ పరీక్షకు ఎంత అన్నది ముందే కాగితం మీద ఇవ్వాలి. డాప్లర్ రిపోర్టు నకలు రోగి చేతికి ఇవ్వకుండా చికిత్స తేదీ ఖరారు చేయరాదు. ఒక్క పూటలో శాశ్వత విముక్తి అనే ప్రకటనల మీద జిల్లా వైద్యాధికారి చర్య తీసుకోవాలి.

సభ్యులకు

29. రెండు వారాల్లో మానని కాలిపుండును ఇంట్లో ఉంచుకోవద్దు. తేలిన నరం మీద ఎవరితోనూ గాట్లు పెట్టించుకోవద్దు. స్కాన్ చేయకుండా లేజర్ అన్నవారి దగ్గర సంతకం పెట్టొద్దు.

30. ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మితే మనిషిని వెంటనే పడుకోబెట్టి, కాలు గుండె కన్నా ఎత్తుకు లేపి, శుభ్రమైన గుడ్డతో రక్తం వచ్చే చోటనే గట్టిగా అదిమి పట్టాలి. పైన తాడుతో బిగించి కట్టొద్దు. నిలబెట్టొద్దు, నడిపించొద్దు. 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు మాటలు ప్రతి ముఠా మేస్త్రీకి, ప్రతి కూలి గుంపు పెద్దకు నేర్పే బాధ్యత ఈ సభ కార్యవర్గానిది.

31. ఒక కాలు హఠాత్తుగా వాచి, పిక్క నొప్పి పుడితే అది లోతు సిరలో గడ్డ కావచ్చు. దానికి తోడు ఆయాసమో ఛాతీ నొప్పో వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. పిక్కను మర్దన చేయవద్దు.

32. నిలబడక తప్పనివారు మడమలు ఎత్తి దించుతూ, ఉన్నచోటనే అడుగులు వేస్తూ ఉండాలి. రాత్రి కాళ్ల కింద దిండు పెట్టుకోవాలి. ఇవి చెడిన కవాటాన్ని బాగుచేయవు. వాపును, నొప్పిని తగ్గిస్తాయి.

ఆరో భాగం: చర్చ, సవరణలు

33. మార్కెట్ ఫీజు డబ్బుతో యార్డులోనే లేజర్ యంత్రం పెట్టించాలని హమాలీ ప్రతినిధులు ప్రతిపాదించారు. ఆపరేషన్ థియేటరు, రేడియాలజిస్టు, ప్రమాదం వస్తే చూసే ఆసుపత్రి లేనిచోట యంత్రం ఉండరాదని చర్చలో తేలింది. ప్రతిపాదన ఉపసంహరించుకుని, ఆ స్థానంలో 23వ అంశాన్ని చేర్చారు.

34. స్కాన్ గజ్జ దాకా చేస్తారు కాబట్టి మహిళలకు విడి గది, మహిళా సిబ్బంది లేకపోతే చాలామంది పరీక్షకే రారని మిల్లు మహిళలు చెప్పారు. 18వ అంశంలోని ఓపీలో మహిళలకు విడి గది, మహిళా సిబ్బంది తప్పనిసరి అన్న సవరణ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

35. మిరప కోతల్లో విశ్రాంతి సమయానికి కూలి చెల్లించాలన్న సవరణపై కౌలు రైతులు అభ్యంతరం చెప్పారు. కౌలు, పురుగుమందులు, కోత కూలి కలిసి ఇప్పటికే తమను ముంచుతున్నాయనీ, ధర పడిన ఏడాది ఆ భారం మోయలేమనీ అన్నారు. ఆ మాటలో న్యాయం ఉందని సభ అంగీకరించింది. పొలాల విషయంలో విశ్రాంతిని డిమాండుగా కాక, రైతు కూలీల పరస్పర ఒప్పందానికి వదిలేస్తూ, ఆ సవరణను తీర్మానంలోంచి తొలగించింది. ఇద్దరు సభ్యులు ఈ తొలగింపుపై తమ అసమ్మతిని నమోదు చేయించారు.

ఏడో భాగం: ఆమోదం

36. పై తీర్మానాన్ని యార్డు హమాలీల తరఫు ప్రతినిధి ప్రవేశపెట్టగా, స్పిన్నింగ్ మిల్లు మహిళా కార్మికుల తరఫు ప్రతినిధి, కౌలు రైతుల తరఫు ప్రతినిధి బలపరచారు. సవరణలతో కలిపి చేతులెత్తే పద్ధతిలో సభ ఆమోదించింది.

37. తీర్మానం ప్రతులను ఆరోగ్య శాఖ మంత్రికి, కార్మిక శాఖ మంత్రికి, ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టుకు, గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు, వైద్యాధికారులకు, రెండు సర్వజన ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు, ఈఎస్‌ఐ ప్రాంతీయ కార్యాలయానికి, గుంటూరు మార్కెట్ కమిటీకి పంపాలని కార్యవర్గాన్ని ఆదేశించింది. వచ్చే వేసవి సెలవులు మొదలయ్యే నాటికి 18, 20, 23 అంశాల మీద ఎంతవరకు పని జరిగిందో కార్యవర్గం లిఖితపూర్వకంగా సభ ముందు పెట్టాలి. జవాబు రాని శాఖ పేరును ఆ నివేదికలో విడిగా రాయాలి.

అధ్యక్షుల సంతకం, కార్యదర్శి సంతకం.